నల్లగొండ కూలిబిడ్డల ఎముకలు ఎందుకు వంగాయి?

పోయిన వానాకాలం నాట్లప్పుడు మర్రిగూడ మండలంలో ఒక వూరికి పోయాను. కూలిరేటు మీద మాట్లాడటానికి పోయాను. నాట్ల రోజుల్లో పగటిపూట వూళ్ళో మనుషులు దొరకరు. అందుకని నేరుగా మడికట్ల దగ్గరికే నడిచాను. పదిహేను మంది దాకా ఆడకూలీలు గట్టెక్కి సద్దులు విప్పుతున్నారు. బోరు పైపు కింద చేతులు కడుక్కుని, అదే పైపు కింద దోసిలి పట్టి కడుపునిండా నీళ్ళు తాగుతున్నారు. "ఇంటికాడ నల్లనీళ్ళు వస్తున్నయి గదా, తెచ్చుకోరాదా?" అని అడిగాను.

"ఎన్నని మోసుకస్తమన్నా? సద్దిగిన్నె వట్టుకోవాలె, సంకల పిల్లనెత్తుకోవాలె. ఒక్క సీసా తెస్తే పది గొట్టంగనే ఒడుస్తది. ఎండల వంగి నాటేసేటోళ్ళకు సీసెడు నీళ్ళు ఏ మూలకు?" అంది ఒకామె. అని నవ్వింది. ఆమె పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు కనిపించాయి. నా పళ్ళ మీద కూడా అవే చారలు వున్నాయి.

సాయంత్రం మీటింగులో కూలిరేటుతో పాటు పొలంకాడి నీళ్ళ సంగతి కూడా ఎత్తాను. ఒక పెద్దమనిషి లేచి, "ఫ్లోరైడు పోయిందని పేపర్లల్ల రాసిండ్రు గద తమ్మీ. ఇంకా ఆ పాత ముచ్చట ఎందుకు? కూలిరేటు మాట్లాడు" అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. పేపర్లలో రాసింది నిజమే. కానీ అక్కడ నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ నాలుగు ముక్కలు ఆయన కోసమే రాస్తున్నాను.

పళ్ళ మీద చారలు

మొదట పంటి సంగతి చెపుతాను. పన్ను అందరికీ కనిపిస్తుంది, దానితో చెపితే ఎముక సంగతి సులువుగా తెలుస్తుంది.

పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చినప్పుడు పుట్టదు. అంతకు ఏళ్ళ ముందే చిగురు లోపల తయారవుతుంది. పైన మెరిసే గట్టి పొరను ఎనామిల్ అంటారు. దాన్ని కట్టడానికి ప్రత్యేకమైన కణాలు వుంటాయి. అవి మొదట మెత్తటి పొరను పరిచి, తర్వాత అందులో సున్నం, భాస్వరం నింపి గట్టిపరుస్తాయి. పని అయిపోగానే ఆ కణాలు నశించిపోతాయి. ఇల్లు కట్టిన మేస్త్రీలు వూరొదిలి పోయినట్టే. తర్వాత గోడ పగిలినా అతికించే దిక్కుండదు. పాలపళ్ళు వూడి వచ్చే పళ్ళన్నీ, జ్ఞానదంతాలు తప్ప, పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ళ లోపల ఇట్లాగే తయారవుతాయి. ఆ ఏళ్ళలో బిడ్డ తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే కణాలు పని సరిగా చెయ్యలేవు. పొర గట్టిపడక గుల్లగా మిగిలిపోతుంది. అట్లాంటి పన్ను సుద్దముక్కలా పాలిపోయి బయటికి వస్తుంది. ఆ గుల్లలోకి రంగు దిగి పసుపు చారలు, గోధుమ చారలు, మరీ ఎక్కువైతే గుంటలు పడతాయి.

చిన్నప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. తెలియజెప్పినవాళ్ళూ లేరు. వేపపుల్లతో తోమాను, బొగ్గుతో, ఇటుకపొడితో, ఉప్పుతో చిగుళ్ళు నెత్తురొచ్చేదాకా తోమాను. పట్నం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక సారు నన్ను బెంచీ ఎక్కించి, "పండ్లు తోముకోని రేపు బడికి రా" అన్నాడు. క్లాసులో సగం మంది పళ్ళు అట్లాగే వున్నాయన్నది ఆయనకు కనిపించినట్టు లేదు. తర్వాత ఆ సారు మూడేళ్ళు అదే వూళ్ళో, అవే నీళ్ళు తాగుతూ వున్నాడు. ఆయన పళ్ళు మాత్రం తెల్లగానే వున్నాయి. పెద్దయ్యాక తాగిన ఫ్లోరైడ్ నీళ్ళు పంటిని ఏమీ చెయ్యవు, అప్పటికే దాని పని ముగిసిపోయి వుంటుంది. మా వూరికి ఎక్కడినుంచో కోడళ్ళుగా వచ్చిన ఆడవాళ్ళ సంగతీ ఇంతే. పళ్ళు తెల్లగా వుంటాయి, నలభై ఏళ్ళకు నడుము మాత్రం ఒంగదు. కాబట్టి పళ్ళు తెల్లగా వున్నాయి కదా, నాకేం కాలేదు అని ఎవరూ అనుకోవద్దు.

పచ్చిగోడ మీద దూలం

ఇక ఎముక. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌లో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఎముకల్లో, పళ్ళలోనే పేరుకుంటుంది. పెద్దవాళ్ళు లోపలికి తీసుకున్నదాంట్లో సుమారు సగం మూత్రంలో పోతుంది. పెరిగే పిల్లల్లో అంత పోదు. వాళ్ళ ఎముక కొత్తగా కడుతూ వుంటుంది కాబట్టి వచ్చినదాన్ని వచ్చినట్టు పట్టుకుంటుంది. కాన్పు కాకముందే తల్లి నెత్తురు నుంచి మావి దాటి కొంత ఫ్లోరైడ్ కడుపులో బిడ్డకు చేరుతుంది కూడా.

ఎముకలో రెండు భాగాలు వుంటాయి. ఒకటి దడి అల్లినట్టు వుండే మెత్తటి మాంసకృత్తుల అల్లిక. రెండోది ఆ అల్లికలో నిండే సున్నం, భాస్వరాల గట్టిదనం. ఫ్లోరైడ్ ఎముక కట్టే కణాలను తరుముతుంది. అవి హడావిడిగా అల్లిక పెంచుతాయి. కానీ ఆ అల్లికను గట్టిపరచడానికి కాల్షియం కావాలి. అది తిండిలో నుంచి రావాలి. పాలు, పెరుగు, గుడ్డు తినే ఇంట్లో కొంతన్నా వస్తుంది. గంజి, గొడ్డుకారంతో బువ్వ తినే ఇంట్లో ఎక్కడినుంచి వస్తుంది? కాల్షియం చాలకపోతే ఒళ్ళు తన ఎముకనే కరిగించి నెత్తురుకు ఇచ్చుకుంటుంది. అప్పుడు కొత్త ఎముక పచ్చిగానే మిగిలిపోతుంది.

మట్టిగోడ పచ్చిగా వుండగానే దూలం ఎత్తితే ఏమవుతుందో ఇల్లు కట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఎదిగే బిడ్డ కాళ్ళ మీద ఒంటి బరువు ఆ దూలం లాంటిది. తొడ ఎముక, పిక్క ఎముక మోకాలి దగ్గర వంగిపోతాయి. నిలబడితే రెండు మోకాళ్ళూ ఒకదానికొకటి ఆనుకుంటాయి, పాదాలు మాత్రం జానెడు, మూరెడు దూరంలో వుంటాయి. కొందరికి ఇందుకు తిరగబడి మోకాళ్ళు విల్లులా బయటికి వంగుతాయి.

పెద్దవాళ్ళకు వచ్చే కీడు వేరు. వాళ్ళ ఎముక అప్పటికే కట్టి వుంటుంది. దాని మీద ఇంకా ఇంకా పెరుగుతుంది, బరువెక్కుతుంది, అయినా పెళుసుగా వుంటుంది. కీళ్ళను పట్టి వుంచే నరాల లాంటి పట్టీలు కూడా సున్నం పట్టి రాయిలా బిగుస్తాయి. మెడ తిరగదు. వెనక్కి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. చివరకు వెన్నుపూస నరాన్ని నొక్కితే కాళ్ళు పడిపోతాయి.

మా అక్కకు ఎనిమిదో ఏట మోకాళ్ళు వంగడం మొదలైంది. పన్నెండేళ్ళకు నడిస్తే మోకాలుకు మోకాలు రాసుకుని చర్మం లేచేది. మా అమ్మ నువ్వులనూనె పెట్టి తోమేది. మంత్రాలాయన దగ్గరికి, పసరు వైద్యుడి దగ్గరికి తిరిగాం. చివరకు పట్నంలో ఒక పెద్ద దవాఖానకు పోయాం. అక్కడి డాక్టరు ఎక్సరే చూసి ఎముక కోసి నిలబెట్టొచ్చు అన్నాడు. ఆరునెలలు మంచంలో వుండాలి, ఒక మనిషి పక్కన వుండాలి, ఆ తర్వాత మళ్ళీ ఆ నీళ్ళే తాగితే లాభం లేదు అన్నాడు. ఆరునెలలు కూలికి పోకుండా పక్కన వుండే మనిషి మా ఇంట్లో లేడు. తాగడానికి వేరే నీళ్ళూ లేవు. బస్సెక్కి తిరిగొచ్చాం. ఆపరేషన్ వద్దన్నది మా నాయన. చాలా ఏళ్ళు ఆయన మీద కోపంగా వున్నాను. ఇప్పుడు నాకూ పిల్లలున్నారు, కూలిలెక్క తెలిసింది, ఆ కోపం లేదు.

ఎడ్లు ముందు చెప్పాయి

ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. 1930లలోనే నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి వైపు రైతులు ఎడ్లు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం చూశారు. మనుషుల్లో ఇదే జబ్బు వుందని 1937లో మద్రాసు రాజధాని డాక్టర్లు రాశారు. ఆ ప్రాంతం 1970 తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసింది. నల్లగొండ సంగతిని 1955లో డాక్టర్ సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. అంటే మా నాయన పుట్టకముందే డాక్టర్లకు ఈ జబ్బు, దాని కారణం తెలుసు. తాగే మనిషికి మాత్రం చెప్పినవాళ్ళు లేరు.

ఈ నేల కింద వున్నది పలుగురాయి, నల్లరాయి, గ్రానైటు. ఆ రాతిలో ఫ్లోరైడ్ కలిసిన ఖనిజాలున్నాయి. వాననీరు ఆ రాతి పగుళ్ళలో ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. చెరువు నీళ్ళలో, వానకు నిండే చేదబాయిలో తక్కువుంటుంది. లోతు బోరులో ఎక్కువుంటుంది. మన దేశంలో తాగే నీళ్ళకు లీటరుకు ఒక మిల్లీగ్రాము మంచిదని, ఎంత గతిలేకపోయినా ఒకటిన్నర దాటరాదని ప్రమాణం. నల్లగొండ జిల్లాలో కొన్ని బోర్లలో పది దాటిన నీళ్ళను కూడా జనం తరాల తరబడి తాగారు. చెరువులు పూడిపోయి, చేదబాయిలు ఎండిపోయి, కరువు వచ్చినప్పుడల్లా ఇంకో వంద అడుగులు లోతుకు బోరు దింపారు. ఆ లోతులో దొరికినవి ఇవే నీళ్ళు.

మోకాళ్ళు వంగే జబ్బు సంగతి 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో రాశారు. అంతకుముందు ఫ్లోరోసిస్ అంటే పెద్దవాళ్ళ వెన్ను బిగుసుకుపోయే జబ్బుగానే తెలుసు. పిల్లల కాళ్ళు ఇట్లా వంగడం కొత్తగా కనిపించింది. ఎందుకని వెతికితే వాళ్ళ చూపు నాగార్జునసాగర్ మీద పడింది. 1967లో సాగర్ కాలవలకు నీళ్ళొదిలారు. జలాశయం ఊటతో చుట్టుపక్కల భూగర్భజలం పైకి లేచింది, నేలలోని లవణాల పొందిక మారింది. అక్కడ పండిన జొన్నలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువైంది. అది ఒంట్లో రాగిని బయటికి తోసేస్తుంది. రాగి తగ్గితే ఎముకలోని అల్లిక గట్టిగా ముడిపడదు. ఫ్లోరైడ్ ఒకవైపు, రాగి కొరత ఒకవైపు, కాల్షియం లేమి ఇంకోవైపు. ఇది వాళ్ళు చెప్పిన వివరణ. 1975లో అనిల్ అగర్వాల్ ఈ సంగతిని న్యూ సైంటిస్ట్ అనే ఇంగ్లీషు పత్రికకు ఎక్కించాడు. సాగర్ కట్టడంలో రాళ్ళు మోసిన కూలీలున్న జిల్లా ఇది. ఆనకట్ట వద్దని నేను అనను. ఆ నీళ్ళతో లక్షల ఎకరాలు పండాయి, ఆ పంటలో కూలీలకు పని దొరికింది. కానీ ఆనకట్ట కట్టేటప్పుడు సిమెంటు, ఇనుము లెక్క వేసినట్టు, పక్క వూళ్ళో బాయి నీళ్ళు ఏమవుతాయో లెక్క వెయ్యలేదు.

కూలివాని నీళ్ళలెక్క

ఒకే బాయి నీళ్ళు తాగిన దొరబిడ్డకు పళ్ళే చెడ్డాయి, పాలేరు బిడ్డకు కాళ్ళు వంగాయి. మా వూళ్ళో ఇది కళ్ళారా చూసినవాళ్ళున్నారు. దీన్ని కర్మ అన్నారు, శాపం అన్నారు. లెక్క వేసి చూద్దాం.

ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు పెట్టినప్పుడు మనిషి రోజుకు రెండు లీటర్లు తాగుతాడని లెక్క. అంటే రోజుకు మూడు మిల్లీగ్రాములు. రోజుకు ఆరు మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ప్రమాదం వుండొచ్చని, పద్నాలుగు దగ్గర ప్రమాదం ఖాయమని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పింది. ఇప్పుడు మన కూలిమనిషిని చూడండి. ఎండాకాలంలో తట్ట మోసే మనిషి, కలుపు తీసే మనిషి ఆరు లీటర్లు తాగడం వింత కాదు. లీటరుకు మూడు మిల్లీగ్రాములున్న బోరైతే రోజుకు పద్దెనిమిది. అదే వూళ్ళో నీడపట్టున కూర్చుని రెండు లీటర్లు తాగే మనిషికి ఆరు. అంటే ఒకే బోరు నీళ్ళకు కూలివాడి ఒంట్లో మూడింతలు చేరుతుంది. చెమటోడ్చినకొద్దీ దాహం, దాహమైనకొద్దీ ఫ్లోరైడ్. పైన చెప్పిన తిండి లెక్క కూడా దీనికి కలపండి. ఇందులో శాపం ఎక్కడుంది?

ఛాయ్ మాట కూడా చెప్పాలి. ఛాయ్ పత్తాలోనే ఫ్లోరైడ్ వుంటుంది. పనిలో ఆకలి చంపడానికి నాలుగు ఛాయ్‌లు తాగే మనకు ఇది కోపం తెప్పించే మాటే. నాకూ మానడం కాలేదు.

480 మంది నిలబడ్డ ఎలక్షన్

నీళ్ళ కోసం ఈ జిల్లా చేసిన పోరాటాలు మన కుర్రవాళ్ళకు తెలియాలి. జలసాధన సమితి పెట్టి దుశ్చర్ల సత్యనారాయణ వూరూరా తిరిగాడు. వంగిపోయిన మనుషులను, కాళ్ళు వంకరపోయిన పిల్లలను ఢిల్లీ దాకా తీసుకుపోయి చూపించారు. 1996 పార్లమెంటు ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. ఇందులో ఎక్కువమంది గెలవడానికి నిలబడలేదు. మా గోస దేశం వినాలని నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఎన్నిక వాయిదా వేసుకోవలసి వచ్చింది. అదే ఎన్నికలో బొమ్మగాని ధర్మభిక్షం గెలిచాడు. ఢిల్లీ వాళ్ళు ఈ గొడవ నుంచి నేర్చుకున్న పాఠం ఏమిటో తెలుసా? అదే ఏడాది చట్టం మార్చి, పార్లమెంటు డిపాజిట్‌ను అయిదు వందల నుంచి పదివేలకు పెంచారు.

2004 నుంచి కృష్ణా నీళ్ళు నల్లగొండ జిల్లాలోని కోదండాపురం దగ్గర శుద్ధి చేసి పెద్ద పెద్ద గొట్టాల్లో హైదరాబాదుకు పోతున్నాయి. ఆ గొట్టం మా ఫ్లోరైడ్ వూళ్ళ పక్క నుంచే పోయింది. పట్నంలో వున్నది కూడా మన కూలీలే, వాళ్ళ నీళ్ళు ఆపమని ఎవరూ అనరు. కానీ రోడ్డు పక్క గొట్టంలో కృష్ణ పారుతుంటే, ఆ గొట్టం పక్కన బోరింగు కొట్టుకుని విషం పట్టుకున్న ఆడవాళ్ళ కడుపుమంట ఎట్లాంటిదో ఆలోచించండి. అదే కృష్ణను సొరంగంలో మోటార్లు లేకుండా ఈ జిల్లాకు తెస్తామని శ్రీశైలం ఎడమగట్టు కాలవ పని ఏళ్ళ తరబడి సాగదీశారు. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. జార్ఖండ్, యూపీ, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి పనికి వచ్చినవాళ్ళు. ఒక్కరూ బతికి బయటికి రాలేదు. నల్లగొండ నీళ్ళ లెక్కలో వాళ్ళ ప్రాణాలు కూడా రాసుకోవాలి.

సున్నా ఎవరికి?

2015లో చౌటుప్పల్‌లో పైలాన్ కట్టి, 2016లో మొదలుపెట్టిన మిషన్ భగీరథ నీళ్ళు ఇంటింటికీ వచ్చాయి. నది నీళ్ళు, ఫ్లోరైడ్ లేని నీళ్ళు. ఎవరు తెచ్చారన్న దానికన్నా వచ్చాయన్నది ముఖ్యం, దాన్ని కాదనడం కళ్ళు మూసుకోవడమే. 2020లో కేంద్ర జలశక్తి శాఖ లెక్కల్లో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య సున్నాకు దిగింది. ఆరోజు మా అక్క ఆ వార్త టీవీలో చూసి, "నేను ఎక్కడ పోయిన్రా మరి?" అంది.

ఆ సున్నా ఆవాసాల లెక్క. వూరికి మంచినీళ్ళ గొట్టం వచ్చిందా లేదా అన్న లెక్క. వూళ్ళో మనుషుల ఎముకల లెక్క కాదు. ఎముక ఒకసారి వంగి గట్టిపడ్డాక, మంచినీళ్ళు తాగినంత మాత్రాన అది నిలబడదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తప్ప పోదు. ఈ మనుషులకు దక్కింది వికలాంగుల పింఛను. దానికి నూటికి నలభై పాళ్ళు వైకల్యం వున్నట్టు సర్టిఫికెట్ కావాలి. మోకాలు వంగినవాళ్ళకు అది దొరుకుతుంది. మెడ తిరగక, నడుము వంగక, కూలికి పోలేక మంచం పట్టినవాళ్ళలో చాలామందిని "బాగానే నడుస్తున్నవు గదా" అని తిప్పి పంపుతున్నారు. 2016 వికలాంగుల చట్టంలో ఇరవై ఒక్క రకాల వైకల్యాలు రాశారు, ఫ్లోరోసిస్ అనే మాట అందులో లేదు.

ఇక పొలంకాడి నీళ్ళు. నల్ల ఇంటి ముందు వుంది. కూలిమనిషి పొద్దున ఆరింటికి ఇల్లు వదిలి సాయంత్రం దాకా చేలోనే వుంటుంది. ఒక రోజులో తాగే నీళ్ళలో ఎక్కువ అక్కడే తాగుతుంది. సంకలో పిల్ల కూడా అక్కడే తాగుతుంది. పత్తి ఏరడానికి, నాట్లకు తల్లితో పోయే నాలుగేళ్ళ పిల్ల పన్ను, ఎముక ఆ నెలల్లో తయారవుతూనే వుంటాయి. ఆ బోరులో ఎంత ఫ్లోరైడ్ వుందో పరీక్ష చేసినవాళ్ళు లేరు. ఎందుకంటే సర్కారు కాగితాల్లో అది సాగునీటి బోరు, తాగే బోరు కాదు. నల్ల రెండు రోజులు ఆగిపోయినా, గొట్టం పగిలినా, వూళ్ళో జనం మళ్ళీ పాత బోరింగు దగ్గరికే పోతారు.

మర్రిగూడ మీటింగులో ఈ మాట అంటే ఒక రైతు కోపానికొచ్చాడు. "నేను గూడ గా బోరు నీళ్ళే తాగుతున్న గద, నా పండ్లు సూడు" అని నోరు తెరిచి చూపించాడు. రెండెకరాల రైతు, ఆయనా మనవాడే. ఆయనతో కొట్లాడమని నేను చెప్పను. కానీ కూలికి పిలిచినప్పుడు ట్రాక్టరు మీద నారుకట్టలు తీసుకుపోగా లేనిది, నల్లనీళ్ళ డబ్బాలు రెండు తీసుకుపోవడం ఎవరికీ బరువు కాదు. 2005 ఉపాధి హామీ చట్టం పని దగ్గర తాగునీళ్ళు, పిల్లలకు నీడ వుండాలని రాసింది. దాన్ని కొట్లాడి కొన్ని వూళ్ళలో సాధించాం. అదే న్యాయం రైతు పొలంలో ఎందుకు పనికిరాదు? కూలిరేటు మాట్లాడేటప్పుడు నీళ్ళ డబ్బా కూడా మాట్లాడాలి. పెద్ద కమతాల వాళ్ళ దగ్గర, తోటల దగ్గర, కోళ్ళ ఫారాల దగ్గర మరీ గట్టిగా మాట్లాడాలి. వాళ్ళు తాగేది బోరు నీళ్ళు కాదు.

తెలిసీ తెలియని వైద్యం

కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది నమ్మకం. పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడగట్టినా, బ్లీచింగ్ వేసినా పోదు. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో కనిపెట్టింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చి టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. పాళ్ళు తప్పితే పటికే ఎక్కువవుతుంది. రోజూ చేతులు పెట్టి చూసే మనిషి కావాలి. మా వైపు అట్లా చూసేవాళ్ళు లేక పెట్టిన ప్లాంట్లు చాలా మూలకు పడ్డాయి.

పిల్లల విషయంలో ఆశ వుంది. 1990లలో జైపూర్ డాక్టర్లు ఫ్లోరోసిస్ మొదలైన పిల్లలకు కాల్షియం, సి విటమిన్, డి విటమిన్ ఇచ్చి చూశారు. మొదటి దశలో వున్నవాళ్ళలో మార్పు కనిపించింది. జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు బడిపిల్లలకు రోజూ చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని తేలింది. మన పచ్చిపులుసు ఇంత గొప్పదని ఎవరికి తెలుసు! అయితే చింతపండే మందు అని ఎవరూ అనుకోవద్దు. మొదటి మందు మంచినీళ్ళు, రెండోది గుడ్డు, పాలు, రాగిజావ. అంగన్‌వాడీలో గుడ్డు తగ్గినా, పాలు పలచబడినా ఫ్లోరైడ్ వూళ్ళలో అది చిన్న లోపం కాదు. అక్కడ ఆ గుడ్డు ఎముకకు పోయే సున్నం. ఢిల్లీలో డాక్టర్ సుశీల గర్భిణులకు ఫ్లోరైడ్ తగ్గించి తిండి సరిచేస్తే నెత్తురు పెరిగింది, బిడ్డలు బరువు పుంజుకుని పుట్టారు. గర్భిణీ కూలిమనిషికి పొలంలో నీళ్ళ డబ్బా ఎందుకు కావాలో ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఇప్పుడు చెయ్యవలసిన పని ఒకటుంది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాల మన సంఘం యూనిట్లు పొలం బోర్ల నీళ్ళు సేకరించాలని అనుకున్నాం. సీసా గాజుది వద్దు, ప్లాస్టిక్‌ది కావాలి. పెట్రోలు పోసినది, నూనె పోసినది పనికిరాదు. ముందు బోరును పది నిమిషాలు పోనివ్వాలి. ఆ నీళ్ళతోనే సీసాను మూడుసార్లు కడిగి, నిండా పట్టి, గట్టిగా మూత పెట్టాలి. సీసా మీద వూరి పేరు, బోరు లోతు, పట్టిన తేదీ, ఆ బోరు కింద నాట్లకు ఎంతమంది పోతారో రాయాలి. రైతు పేరు రాయవద్దు, గొడవలవుతాయి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో ఇచ్చి రశీదు తీసుకోవాలి. రశీదు లేకుండా సీసా వదిలి రావద్దు. పోయినసారి మా వూరి నుంచి నాలుగు సీసాలు ఇచ్చి వచ్చాం, రశీదు అడగలేదు. రెండు నెలలకు పోయి అడిగితే ఏ సీసాలు అన్నారు.